మూడోసారి పాసైన సుబ్బారావు గారు



మీలో చాలామంది అమ్మలు గర్భిణిగా ఉన్నప్పుడు డాక్టర్ రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకునే ఉంటారు. ఆ విటమిన్‌ను ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ను మొదటిసారి వెనక్కి తగ్గించిన మందు కూడా ఆయన ల్యాబ్‌దే.

1895లో పుట్టిన ఆయన చదువులో ఫస్ట్ ర్యాంకు విద్యార్థి కాదు. చిన్నతనంలో డబ్బు సంపాదిద్దామని ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మద్రాసులో మూడోసారి పాసయ్యారు.

సొంత అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గిపోయే జబ్బు అది. మద్రాస్ మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు వేసుకున్నందుకు ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ కాకుండా అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ మాత్రమే చేతికొచ్చింది.

అయినా ఆగకుండా 1922లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేశారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అది స్ప్రూకు, ఒక రకమైన రక్తహీనతకు మందయింది. తన అన్నదమ్ములకు దొరకని మందు అది.

కథ అక్కడితో ఆగలేదు. కణాలు పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సర్ కణాలకూ అంతే. లుకేమియా ఉన్న పిల్లలకు దాన్ని ఇస్తే జబ్బు ఇంకా వేగంగా పెరుగుతోందని బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. మరి దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు గారి బృందం అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపించే అమినోప్టెరిన్‌ను తయారుచేసి ఇచ్చింది. తాళంలో దూరి, తిరగకుండా ఇరుక్కుపోయే నకిలీ తాళంచెవి లాంటిది అది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఆ మేలు ఎక్కువకాలం నిలవలేదు. కానీ అంతవరకు ఆ జబ్బుకు ఆ మాత్రం మందు కూడా లేదు.

రెండు నెలలకే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు గారు కన్నుమూశారు. అమెరికా వెళ్లాక మళ్లీ స్వదేశానికి రానేలేదు. ఆ మందుకు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను లుకేమియా పిల్లలకు ఇతర మందులతో కలిపి నేటికీ ఇస్తున్నారు. పూర్తి చికిత్స సకాలంలో అందితే ఇప్పుడు వారిలో ఎక్కువమంది కోలుకుంటున్నారు.

ప్రోగ్రెస్ కార్డు ఇంటికి వచ్చినప్పుడు, సంతకం పెట్టే ముందు ఒక్క నిమిషం ఆయన్ను గుర్తుచేసుకోండి. రెండోసారి తప్పగానే ఇక చదువు చాలు అని ఇంట్లోవాళ్లు మాన్పించి ఉంటే?