సరోజినీదేవి శాంతిపథం

భారతకోకిల ఎవరని అడిగితే మన కళాశాలలో ఏ విద్యార్థి అయినా సరోజినీ నాయుడు పేరు చెప్పగలడు. వక్తృత్వపు పోటీలలో ఆమె కవిత్వం, కాంగ్రెసు అధ్యక్షపదవి, గవర్నరు పదవి తప్పక ప్రస్తావనకు వస్తాయి. సైనికశాసనం నడిచిన చోట స్త్రీలు పడిన బాధలను బహిరంగసభలలో చాటి, రెండు పర్యాయాలు ప్రభుత్వపు ఆగ్రహానికి గురియైన సరోజినీదేవిని గూర్చి మాత్రం ఆ ప్రసంగాలలో నేను ఎన్నడూ వినలేదు.

1879 ఫిబ్రవరి 13న ఆమె హైదరాబాదులో జన్మించింది. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయులు వంగదేశీయుడు. నిజాం కళాశాలకు మూలమైన హైదరాబాదు కళాశాలను నెలకొల్పిన విద్యావేత్త. ఇంట బిడ్డలతో తల్లిదండ్రులు మాట్లాడిన భాష హిందుస్తానీ. పన్నెండవ యేట మద్రాసు మెట్రిక్యులేషన్‌లో ప్రథమస్థానం, నిజాం ప్రభువు విద్యార్థివేతనంపై ఇంగ్లండు ప్రయాణం అందరెరిగినవే. 1898లో డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని కులాంతర వివాహం చేసుకొని తెలుగింటి కోడలైంది. మద్రాసులో ఆ పెండ్లి జరిపించినవారు మన గోదావరి తీరపు కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

1908లో మూసీనది హైదరాబాదును ముంచెత్తినప్పుడు ఆమె చేసిన సేవకు బ్రిటిషు ప్రభుత్వం కైసరె హింద్ పతకం ఇచ్చింది.

ఆ రోజులలో ఆమె యుద్ధవిరోధి కాదు. ఈ సంగతి దాచవలసిన పని లేదు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1915లో, హైదరాబాదు మహిళల యుద్ధసహాయ సంఘం కొరకు ఆమె ఒక కవిత వ్రాసింది. పరాయిదేశాలలో నేలకొరిగిన భారతసైనికుల కొరకు దేశమాత పడే దుఃఖం అందులో కలదు. ఆ యుద్ధం ఎవరి కొరకన్న ప్రశ్న లేదు. మరుసటి సంవత్సరం లక్నో కాంగ్రెసులో, భారతీయులు ఆయుధాలు ధరించరాదన్న చట్టాన్ని ఖండించే తీర్మానాన్ని ఆమె బలపరిచింది. నిరాయుధులను చేయడం జాతికి అవమానమని ఆమె భావన.

ఆమెను మార్చినది పంజాబు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో కాల్పులు జరిగాయి. ఆ వెంటనే వచ్చిన సైనికశాసనం క్రింద పల్లెపట్టుల స్త్రీలకు జరిగిన అవమానాలు కాంగ్రెసు విచారణ నివేదికలో ఉన్నాయి. మణియన్‌వాలా గ్రామంలో ఒక దొర స్త్రీల ముసుగులను కర్రతో తొలగించి, దుర్భాషలాడి, వారిపై ఉమ్మివేశాడట. పరదా మర్యాద తెలిసిన మన ఇండ్లలో ఈ వాక్యం చదివి తల ఎత్తగలవారెవరు? సరోజినీదేవి తన పతకాన్ని తిరిగి ఇచ్చివేసింది. 1920 జూన్‌లో లండన్ కింగ్స్‌వే హాలులో, పాలకుల రాజధానిలోనే, పంజాబు స్త్రీల గోడు వినిపించింది. భారతమంత్రి మాంటేగు ఆ ఆరోపణలకు ఆధారం చూపమన్నాడు, లేదా ఉపసంహరించుకొమ్మన్నాడు. ఆమె కాంగ్రెసు నివేదికలోని సాక్ష్యాలనే చూపింది.

రెండవసారి మలబారు. 1921 మాప్పిళ్ళ తిరుగుబాటును అణచడానికి అక్కడ కూడ సైనికశాసనం విధించారు. 1922లో కాలికట్ సభలో ఆమె మాప్పిళ్ళ స్త్రీల దురవస్థను ప్రస్తావించింది. మద్రాసు ప్రభుత్వం క్షమాపణ కోరింది; లేనిచో చట్టరీత్యా చర్య తప్పదన్నది. ఆమె మాట వెనుకకు తీసుకొనలేదు.

ఆ సంఘటన మనకు దూరమైనది కాదు. ఆ తిరుగుబాటు వేళ ఏర్పడిన మలబారు ప్రత్యేక పోలీసు దళాన్నే మద్రాసు ప్రభుత్వం తరువాత అల్లూరి సీతారామరాజుపై గోదావరి మన్యానికి పంపింది. 1924లో అస్సాం రైఫిల్స్ కూడ వచ్చి చేరినది. నేడు మనం బస్సెక్కి పోయే భద్రాచలం ఆనాడు ఆ ప్రభుత్వపు ఏలుబడిలోని మన్యప్రాంతమే.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో గాంధీజీ అరెస్టయిన పిమ్మట నాయకత్వం వృద్ధుడైన అబ్బాస్ త్యాబ్జీకి, ఆయన కూడ అరెస్టు కాగా సరోజినీదేవికి వచ్చింది. మే 21న ధరాసనలో సుమారు 2,500 మంది స్వచ్ఛందసేవకులు ఆమె వెంట నిలిచారు. దెబ్బ కాచుకొనుటకైనా చేయి ఎత్తరాదని ఆమె ఆదేశం. ఇనుపపొన్నులు తొడిగిన లాఠీల క్రింద వరుస వెంట వరుస కూలింది. ఆయుధం హక్కు అని వాదించిన స్త్రీయే ఈ ఆజ్ఞ ఇచ్చినది! కన్నతల్లుల బిడ్డలను అట్లు దెబ్బలకు నిలపడం ఆమెకు తేలిక అయి ఉండదని నాకు తోస్తుంది. ఆనాడే ఆమెను అరెస్టు చేశారు.

1947 మార్చి 23న ఢిల్లీలోని పురానాఖిల్లాలో ఆసియా సంబంధాల మహాసభకు ఆమె అధ్యక్షత వహించింది. ఆసియా జాతుల సఖ్యం గూర్చి అక్కడ చర్చలు సాగాయి. ఆ నెలలోనే రావల్పిండి ప్రాంతపు పల్లెలలో అల్లరిమూకలకు భయపడి స్త్రీలు నూతులలో దూకారు. మరల పంజాబే; ఈసారి పరాయి సైన్యం లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుండి ఆమె సంయుక్తరాష్ట్రాల గవర్నరుగా పనిచేసింది. పదవిలో ఉండగానే 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూసింది. ముప్పది రెండేండ్ల క్రితం ఆయుధాల కొరకు ఆమె గొంతెత్తిన నగరం అదే.