ఐరా హేసు చరిత్రము

అమెరికా దేశమున అరిజోనా రాష్ట్రమందు గీలా నదీప్రాంతమున సాకటన్ అను చిన్న గ్రామము కలదు. మాజీ సైనికుల సంఘమగు అమెరికన్ లీజియన్‌కు అచ్చట 84వ సంఖ్యగల శాఖ యున్నది. ఇట్టి శాఖలను ఆ దేశమువారు పోస్టులందురు; మా విద్యార్థులు తపాలా కచేరి యని భ్రమపడకుందురు గాక. 1919లో స్థాపితమైన ఆ సంఘమువారు తమ పోస్టులకు తఱచుగా యుద్ధమున మడిసిన స్థానికుల పేర్లు పెట్టుదురు. సమీపమున చాండ్లరు పట్టణమందలి 35వ పోస్టు మాథ్యూ హువాన్ పేర నున్నది. పిమా జాతీయుడగు హువాన్ 1918 మే 28న ఫ్రాన్సులో కాంటిన్యీ యొద్ద మడిసెను. అరిజోనావారిలో ఆ యుద్ధమున మొదట కూలినవాడతడే. అప్పటికి అతని జాతివారిలో పెక్కుమందికి పౌరసత్వమే లేదు. 84వ పోస్టు మాత్రము ఐరా హేసు పేర నున్నది. అతడును పిమావాడే గాని యుద్ధమునుండి బ్రతికి వచ్చెను. ఆ బ్రతుకును గూర్చియే మేము వ్రాయ బూనితిమి.

ఐరా 1923 జనవరి 12న సాకటన్‌లో జన్మించెను. పిమాలు తరతరములుగా గీలా నీటితో కాలువలు త్రవ్వి సేద్యము చేసినవారు. ఎగువకు వలసవచ్చిన తెల్లవారు నీటిని మళ్లించుకొనగా పొలములెండి, 19వ శతాబ్దపు చివర ఆ జనులు ఆకలిపాలైరి. కృష్ణా గోదావరుల కాలువల నెఱిగిన మనకు దీనిని విప్పి చెప్పనక్కఱలేదు. 1870లో చార్లెస్ కుక్ అను మిషనెరీ వచ్చి వారి నడుమ బడి పెట్టెను. ఐరా తల్లి ప్రెస్బిటీరియను సంఘమున భక్తురాలు. తండ్రి మొదటి ప్రపంచయుద్ధమున సేవచేసిన చిన్న రైతు. కుమారుడు మితభాషి.

1942లో ఐరా మెరీన్ దళమున చేరి పసిఫిక్ దీవులలో పోరాడెను. 1945 ఫిబ్రవరి 23న ఇవోజీమా దీవిలో సురిబాచి కొండపై ఆఱుగురు జెండా నిలుపుచుండగా జో రోసెంతాల్ ఛాయాచిత్రము తీసెను. ఆఱుగురిలో ఐరా యొకడు. ముగ్గురు ఆ దీవిలోనే మరణించిరి. పటము దేశమంతట వ్యాపింపగా, ఐరాను వెనుకకు రప్పించి, యుద్ధ ఋణపత్రముల విక్రయమునకై ఊరూర త్రిప్పిరి.

జెండాకొయ్య మొదట వంగియున్నవాడు టెక్సాసు యువకుడు హార్లన్ బ్లాక్. అధికారులు హాన్సన్ అను మఱియొక మృతుని పేరు ప్రకటించిరి. ఐరా ఆ తప్పును తెలుపగా, ఇద్దఱును మరణించిరి, పేర్లును వెలువడినవి గనుక ఊరకుండుమని యాజ్ఞ యయ్యెను. హార్లన్ తల్లి మాత్రము పటములోని వీపును చూచి, తన కుమారుడే యనెను. ఆమె మాటను ఎవరును నమ్మలేదు. 1946లో, సైన్యమునుండి విడుదలయైన పిమ్మట, ఐరా కొంత కాలినడకను, కొంత దారినపోవు బండ్లలోను దాదాపు 1300 మైళ్లు పోయి, వెస్లకో యొద్ద హార్లన్ తండ్రిని పొలములో కలిసికొని నిజము చెప్పెను. చెప్పి వచ్చిన దారినే తిరిగి పోయెను. 1947లో పేరు సరిదిద్దబడెను. హాన్సన్ తల్లికి అందువలన కలిగిన వ్యథను కూడ మేము మఱువజాలము.

కీర్తి ఐరాకు బరువయ్యెను. చనిపోయిన మిత్రులకు చెందవలసిన గౌరవము తనకు వచ్చినదని కుమిలి త్రాగుడుకు లోబడెను, పలుమాఱులు నిర్బంధింపబడెను. పిల్లల పత్రిక యని దీనిని దాచుట మాకు సమ్మతము కాదు. యుద్ధము మనస్సునకు చేయు గాయమును నేటి వైద్యులెఱుగుదురు. నాడు అతనికి చెఱసాలయే దొరకెను. అతని పటము 1945లోనే తపాలా బిళ్లపై నెక్కెను. అరిజోనా ఆదివాసులకు ఓటుహక్కు 1948లో న్యాయస్థానపు తీర్పువలన గాని రాలేదు.

1954 నవంబరు 10న ఆర్లింగ్టనులో ఆ దృశ్యపు కంచు విగ్రహమును ఆవిష్కరించినప్పుడు ఐరా అచ్చట నుండెను. 1955 జనవరి 24న, 32 ఏండ్ల వయస్సున, స్వగ్రామ సమీపమున చలిరాత్రి ప్రాణము విడిచెను. ఆర్లింగ్టనులోనే అతనిని సమాధి చేసిరి.

2016లోను 2019లోను మెరీన్ దళమువారు పటమును మరల పరిశీలించి మఱి రెండు పేర్లు మార్చిరి. ఐరా పేరు, హార్లన్ పేరు మాఱలేదు. సాకటన్‌లో హువాన్, హేసు లిరువురి పేర నొక యుద్యానము కలదు. ఏటేట ఫిబ్రవరిలో 84వ పోస్టువారు ఆ గ్రామమున కూడి ఇవోజీమా జెండాను జ్ఞాపకము చేసికొందురు.