అలసటకు రూపమిచ్చిన డాక్టర్

'ముందు ఉద్యోగం, ఆటలూ బొమ్మలూ తర్వాత' అని మీ ఇంట్లోనూ అంటున్నారా? అయితే కెనడా డాక్టర్ టెయిట్ మెకెంజీ గురించి తెలుసుకోండి. 1867లో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన నైస్మిత్ ఈయన నేస్తమే. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో మెడిసిన్ చదువుతూనే జిమ్నాస్టిక్స్, హైజంప్ చేసేవారు. 1892లో డాక్టరై, అక్కడే అనాటమీ పాఠాలు చెప్పారు.

శిల్పం మొదలైంది ఆ వృత్తిలోంచే! బాగా శ్రమపడేవారి ముఖ కండరాలు ఎలా మారతాయో చూపడానికి నాలుగు ముఖాలు తయారుచేశారు: బలమంతా పెట్టినప్పుడు, ఊపిరందనప్పుడు, అలసినప్పుడు, పూర్తిగా సోలిపోయినప్పుడు. తర్వాత హార్వర్డ్ విద్యార్థుల శరీర కొలతల సగటు తీసి 'ది అథ్లెట్' విగ్రహం మలిచారు. ఎవరో ఒక్కరి బొమ్మ కాదది, వందల మంది లెక్క!

1904లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో వ్యాయామ విద్య ప్రొఫెసర్‌గా చేరారు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ వెళ్లి, గాయపడిన సైనికులను వ్యాయామంతో కోలుకునేలా చేసే పనిలో దిగారు. ఆ అనుభవంతో పుస్తకమూ రాశారు.

అప్పట్లో ఒలింపిక్స్‌లో కళలకూ పోటీలుండేవి లెండి. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అథ్లెట్లపై చేసిన డాలు శిల్పానికి కాంస్యం అందుకున్నారు. అప్పటికి ఆయన వయసు 65.