సిల్చార్ ఇంట్లో లూకా సువార్త

భాష వేరు, కులం వేరు అయిన ఇద్దరు ఒకటైతే ప్రశ్నలు మొదలవుతాయి. పెళ్లి ఏ పద్ధతిలో? పిల్లల్ని ఏ విశ్వాసంలో పెంచాలి? ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలు పక్కపక్కనే కాపురముండే మన రాంనగర్ వంటి చోట ఇవి కొత్తవి కావు. 1880లోనే వీటిని ఎదుర్కొన్న స్త్రీ పండిత రమాబాయి.

రమాబాయి 1858లో మరాఠీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తండ్రి అనంతశాస్త్రి పురాణం చెబుతూ కుటుంబంతో దేశమంతా తిరిగారు. కరవు రోజుల్లో వారు మన తిరుపతి ప్రాంతపు అడవిలో ఆకులు తిని ప్రాణాలు నిలుపుకున్నారు. ఆ కష్టకాలంలోనే తల్లిదండ్రులిద్దరూ కన్నుమూశారు. 1878లో కలకత్తా పండితులు రమాబాయి విద్వత్తును మెచ్చి బిరుదులిచ్చారు.

1880లో అన్న శ్రీనివాస్ కూడా మరణించాడు. ఆ ఏడే ఆమె అన్న స్నేహితుడు, బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ మేధావిని వివాహమాడారు. ఆయన శూద్రుడు. బాంకీపూర్‌లో 1872 నాటి చట్టం కింద జరిగిన ఆ పెళ్లిని నాటి సమాజం సహించలేదు. దంపతులు వెలికి గురయ్యారు. అయినా అస్సాంలోని సిల్చార్‌లో అన్యోన్యంగా కాపురం చేశారు.

అసలు పరీక్ష ఇంట్లోనే ఎదురైంది. భర్త పుస్తకాల్లో ఆమెకు బెంగాలీ లూకా సువార్త దొరికింది. అలెన్ అనే మిషనరీ ఇంటికి వచ్చి ఆదికాండం వివరించసాగారు. క్రైస్తవురాలిని కావాలని ఉందని ఆమె చెప్పినప్పుడు బిపిన్ నొచ్చుకున్నారు. మిషన్ స్కూల్లో చదివినవాడే అయినా, జనం చిన్నచూపు చూసే మతంలో భార్య బహిరంగంగా చేరడం ఆయనకు ఇష్టం లేదు. లోకాన్ని కలిసి ఎదిరించిన ఇద్దరి మధ్యే ఇప్పుడు అడ్డుగోడ లేచింది.

ఆ విభేదం తీరకముందే, 1882 ఫిబ్రవరిలో కలరా బిపిన్‌ను తీసుకుపోయింది. అప్పటికి కూతురు మనోరమకు ఏడాదైనా నిండలేదు. 1883లో ఇంగ్లండులోని వాంటేజ్‌లో తల్లీబిడ్డలు బాప్తిస్మం పొందారు. రమాబాయి భర్త ఇంటిపేరును వదులుకోలేదు. 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. తర్వాత పుణె దగ్గరి కేడ్గావ్‌లో ముక్తి మిషన్ స్థాపించి, కరవు బారిన పడిన ఎందరో బాలికలను చేరదీశారు. బైబిలును మరాఠీలోకి అనువదించారు. తన పనిలో తోడుగా నిలిచిన మనోరమను 1921లో పోగొట్టుకుని, 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించారు.

భర్త బతికి ఉంటే ఏమయ్యేదో రమాబాయికే తెలియదు. మనమూ తీర్పు చెప్పలేం. విశ్వాసం వేరైనా కలిసి కాపురం చేయడానికి ఇష్టపడే జీవిత భాగస్వామిని విడిచిపెట్టవద్దని పౌలు కొరింథీయులకు రాశాడు. అంటే ప్రేమించమన్నాడే గాని, బలవంతపెట్టమనలేదు. రమాబాయి తన నమ్మకాన్ని దాచుకోలేదు, దానికోసం భర్తను చులకన చేయనూ లేదు. మన ఇళ్లలో కోడలో అల్లుడో వేరే సంప్రదాయం నుంచి వచ్చినప్పుడు, ముందుగా షరతులు పెడుతున్నామా, ప్రేమ చూపుతున్నామా? దేవుడు ఏ ఇంట్లో ఏ అలమరలో తన వాక్యాన్ని దాచి ఉంచాడో మనకు తెలియదు. ఓర్పుతో కనిపెట్టుకుని ఉండే కృపను ప్రభువు మనకు దయచేయును గాక!