ఎబెనీజర్ హోవర్డ్

ఎబెనీజర్ హోవర్డ్ (జనవరి 29, 1850 - మే 1, 1928) ఇంగ్లాండుకు చెందిన సంఘ సంస్కర్త, రచయిత. ఉద్యాన నగరం అనే భావనకు ఆద్యుడు. వృత్తిరీత్యా ఇతడు సంక్షిప్త లిపి లేఖకుడు (షార్ట్‌హ్యాండ్ రిపోర్టరు). వాస్తుశిల్పంలో గానీ ఇంజనీరింగులో గానీ ఇతనికి ఎటువంటి శిక్షణా లేదు. అయినప్పటికీ 1898లో ప్రచురించిన ఒక చిన్న పుస్తకం ద్వారా 20వ శతాబ్దపు నగర ప్రణాళికను ఎక్కువగా ప్రభావితం చేసినవారిలో ఒకడయ్యాడు. లండను నగరం అదుపు లేకుండా చుట్టూ ఉన్న పల్లెలను కలుపుకుంటూ పెరిగిపోవడాన్ని చూసి, దానికి ప్రత్యామ్నాయంగా పరిమిత జనాభాతో, సొంత పరిశ్రమలతో, చుట్టూ శాశ్వతమైన పొలాలతో, భూమి మొత్తం పురజనుల ఉమ్మడి ఆస్తిగా ఉండే కొత్త పట్టణాలను ప్రతిపాదించాడు. లెచ్‌వర్త్ (1903), వెల్విన్ (1920) పట్టణాలు ఇతని ఆధ్వర్యంలో ఏర్పడ్డాయి.

బాల్యం, తొలి ఉద్యోగాలు

హోవర్డ్ లండను నగరపు నడిబొడ్డున ఉన్న ఫోర్ వీధిలో జన్మించాడు. తండ్రి మిఠాయిలు, రొట్టెలు అమ్మే దుకాణదారు. ఐదేళ్ళు కూడా నిండకముందే ఇతనిని లండనుకు దూరంగా ఉన్న బడిలో చేర్పించారు. చెషంట్, ఇప్స్‌విచ్ వంటి చిన్న ఊళ్ళలో చదువు సాగింది. 15వ ఏట చదువు ముగించి లండనులో గుమాస్తాగా చేరాడు. పిట్‌మన్ సంక్షిప్త లిపిని సొంతంగా నేర్చుకున్నాడు. జోసెఫ్ పార్కర్ అనే ప్రసిద్ధ క్రైస్తవ బోధకుని వద్ద కొద్దికాలం కార్యదర్శిగా కూడా పనిచేసాడు.

ఇతడు పుట్టిన ప్రాంతం అప్పటికే మారిపోతోంది. సిటీ అని పిలిచే లండను పాత నగరంలో 1801లో సుమారు 1,28,000 మంది నివసించేవారు. 1901 నాటికి ఆ సంఖ్య 27 వేలకు పడిపోయింది. ఇళ్ళ స్థానంలో బ్యాంకులు, గోదాములు, రైల్వే స్టేషనులు వచ్చాయి. అదే కాలంలో శివార్లతో కలిపిన మహా లండను జనాభా సుమారు 11 లక్షల నుండి 65 లక్షలకు పెరిగింది. అంటే నగరం మధ్యలో ఖాళీ అవుతూ అంచులలో ఉబ్బిపోయింది.

అమెరికా ప్రయాణం

1871లో, 21 ఏళ్ళ వయసులో, ఇద్దరు మిత్రులతో కలిసి హోవర్డ్ అమెరికా వెళ్ళాడు. నెబ్రాస్కా రాష్ట్రంలో ప్రభుత్వం కొత్తగా వచ్చి స్థిరపడేవారికి ఇచ్చే 160 ఎకరాల భూమిని తీసుకొని మొక్కజొన్న, బంగాళాదుంప పండించడానికి ప్రయత్నించాడు. వ్యవసాయం ఇతనికి చేతకాలేదు. ఒక శీతాకాలం గడిచేసరికి సేద్యం వదలి షికాగో నగరం చేరి, అక్కడి న్యాయస్థానాలలో షార్ట్‌హ్యాండ్ రిపోర్టరుగా జీవనం సాగించాడు.

1871 అక్టోబరు నాటి ఘోర అగ్నిప్రమాదంలో షికాగో నడిబొడ్డు కాలి బూడిదయింది. హోవర్డ్ అక్కడ ఉన్న నాలుగేళ్ళూ ఆ నగరం తిరిగి లేచిన కాలం. షికాగో పురపాలక ముద్రపై ఉన్న లాటిన్ నినాదానికి తోటలోని నగరం అని అర్థం. నగరానికి వెలుపల ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ రూపొందించిన రివర్‌సైడ్ అనే చెట్ల నీడల శివారు పేట కూడా ఆ కాలంలోనే రూపుదిద్దుకుంటోంది. ఉద్యాన నగరం అనే పేరు ఇతనికి ఇక్కడే తోచి ఉంటుందని పలువురు చరిత్రకారులు భావిస్తారు.

లండనులో రిపోర్టరు జీవితం

1876లో ఇంగ్లాండుకు తిరిగివచ్చి, పార్లమెంటు అధికారిక రిపోర్టర్లయిన గర్నీ సంస్థలో చేరాడు. కమిటీల ముందు జరిగే వాదోపవాదాలను వ్రాసుకోవడం ఇతని పని. ఇళ్ళ కొరత, భూమి ధరలు, రైల్వేలు, గ్రామాల నుండి వలసలు వంటి విషయాలపై సభ్యులు, సాక్షులు చెప్పేదంతా ఏళ్ళ తరబడి వినవలసి వచ్చింది. సమస్యలపై అందరూ ఏకీభవిస్తున్నా పరిష్కారం వద్దకు వచ్చేసరికి ఎవరూ కదలకపోవడం ఇతనిని ఆలోచింపజేసింది.

1879లో ఎలిజబెత్ బిల్స్‌ను వివాహమాడాడు. వీరికి ముగ్గురు కుమార్తెలు, ఒక కుమారుడు. ఆదాయం అంతంతమాత్రమే. షార్ట్‌హ్యాండ్ టైపు యంత్రాన్ని మెరుగుపరచే ప్రయత్నంలో సంపాదనలో కొంత పోగొట్టుకున్నాడు కూడా. కుటుంబం ఉత్తర లండనులోని స్టామ్‌ఫర్డ్ హిల్ శివారులో నివసించింది.

ఆ ఉత్తర, తూర్పు శివార్లు పెరిగిన తీరు ఇక్కడ చెప్పుకోదగినది. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషను కోసం గ్రేట్ ఈస్టర్న్ రైల్వే పేదల ఇళ్ళను పెద్దసంఖ్యలో కూల్చవలసి వచ్చింది. అందుకు బదులుగా కూలీల కోసం చవక టిక్కెట్ల రైళ్ళు నడపాలని 1864లో పార్లమెంటు షరతు విధించింది. ఆ రైళ్ళ వెంట ఎడ్మంటన్, టాటెన్‌హామ్, వాల్తమ్‌స్టో పల్లెలు కొద్ది దశాబ్దాలలోనే వరుస ఇళ్ళ పట్టణాలుగా మారిపోయాయి. 1883 నాటి చట్టం ఈ చవక రైళ్ళను మిగతా కంపెనీలకు కూడా వర్తింపజేసింది. రైలు వచ్చిన చోట పొలం ధర అనేక రెట్లు పెరిగేది. ఆ పెరుగుదల మొత్తం భూస్వామికీ, స్థలాల వ్యాపారికీ దక్కేది. అక్కడికి చేరిన కుటుంబానికి మిగిలేది అద్దె, రోజూ రెండుపూటలా రైలు ప్రయాణం.

భూమి విలువ సమాజం వల్ల పెరుగుతుందనీ, కనుక అది సమాజానికే చెందాలనీ అమెరికా ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ 1879లో వాదించాడు. అంతకు నూరేళ్ళ ముందే ఇంగ్లాండులో థామస్ స్పెన్స్ ఇటువంటి వాదన చేసాడు. ఈ ఇద్దరి ఆలోచనలూ హోవర్డ్‌ను ఆకట్టుకున్నాయి. ఎడ్వర్డ్ బెల్లమీ వ్రాసిన భవిష్యత్ సమాజపు నవల లుకింగ్ బ్యాక్‌వర్డ్ (1888) చదివి, దానిని బ్రిటనులో ప్రచురింపజేయడానికి సహాయపడ్డాడు.

పుస్తకం

తన పథకాన్ని టుమారో: ఎ పీస్‌ఫుల్ పాత్ టు రియల్ రిఫార్మ్ అనే పేరుతో వ్రాసాడు గానీ ప్రచురణకర్త దొరకలేదు. ఒక అమెరికన్ మిత్రుడు ఇచ్చిన 50 పౌండ్లతో 1898 అక్టోబరులో పుస్తకం వెలువడింది. 1902లో కొద్ది మార్పులతో గార్డెన్ సిటీస్ ఆఫ్ టుమారో అనే పేరుతో మళ్ళీ ముద్రించారు. ఈ రెండవ పేరే లోకానికి తెలిసింది. పేరు మార్పుతో పాటు తోటలు ముందుకు వచ్చి సంస్కరణ వెనక్కు వెళ్ళిందనే విమర్శ ఉంది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు.

పుస్తకంలో అందరికీ గుర్తుండేది మూడు అయస్కాంతాల చిత్రం. మొదటిది పట్టణం, రెండవది పల్లె, మూడవది ఈ రెండింటి మంచినీ కలిపిన పట్టణ-పల్లె. హోవర్డ్ లెక్క ప్రకారం 6,000 ఎకరాల వ్యవసాయ భూమిని ఎకరం 40 పౌండ్ల చొప్పున 2,40,000 పౌండ్లకు కొనాలి. అందులో 1,000 ఎకరాలలో 30,000 మందికి పట్టణం. మిగిలిన 5,000 ఎకరాలు ఎప్పటికీ పొలాలు, పళ్ళతోటలు, పాడిగానే ఉండాలి. అక్కడ మరో 2,000 మంది నివసిస్తారు. పట్టణం వృత్తాకారంలో ఉంటుంది. మధ్యలో తోట, దాని చుట్టూ ఇళ్ళు, బడులు, వెలుపలి అంచున కర్మాగారాలు, వాటిని చుట్టి రైలుమార్గం ఉంటాయి. జనాభా నిండిన తరువాత పొలాలను ఆక్రమించకుండా, ఆ పొలాలకు ఆవల మరో పట్టణం కట్టాలి.

అయితే పథకానికి ఆయువుపట్టు బొమ్మలలో లేదు, జమాఖర్చులలో ఉంది. భూమి మొత్తం ధర్మకర్తల పేర ఉంటుంది, దేనినీ విడిగా అమ్మరు. నివాసులు, వ్యాపారులు, రైతులు అద్దె మాత్రమే చెల్లిస్తారు. ఏడాదికి 64,000 పౌండ్ల ఆదాయం వస్తుందని హోవర్డ్ అంచనా వేసాడు. అందులో అప్పుపై 4 శాతం వడ్డీకి 9,600 పౌండ్లు, 30 ఏళ్ళలో అసలు తీర్చడానికి ఏటా 4,400 పౌండ్లు పోగా మిగిలే 50,000 పౌండ్లు రోడ్లు, బడులు, తోటలు మొదలైన ఊరి అవసరాలకు ఉపయోగపడతాయి. అప్పు తీరిన తరువాత వృద్ధులకు పింఛన్లు కూడా ఇవ్వవచ్చునని భావించాడు. జనం చేరినందువల్ల పెరిగే భూమి విలువ ఆ జనానికే తిరిగి రావడం ఇందులోని మూలసూత్రం.

సోషలిస్టు మేధావులలో కొందరు దీనిని పగటికలగా కొట్టిపారేశారు. జార్జ్ బెర్నార్డ్ షా వేళాకోళం చేసినా, తరువాత ఉద్యాన నగర కంపెనీల వాటాలు కొని మద్దతు ఇచ్చాడు.

లెచ్‌వర్త్

1899 జూన్‌లో ఉద్యాన నగర సంఘం ఏర్పడింది. రాల్ఫ్ నెవిల్ అనే న్యాయవాది, థామస్ ఆడమ్స్ అనే చురుకైన కార్యదర్శి తోడుకావడంతో వ్యాపారుల మద్దతు లభించింది. 1903లో లండనుకు ఉత్తరంగా సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో, 3,818 ఎకరాలను సుమారు 1,55,000 పౌండ్లకు కొన్నారు. 1903 అక్టోబరు 9న ప్రారంభోత్సవం జరిగింది. వాన కారణంగా అతిథులు బురదలో నడిచి గుడారానికి చేరారు. రేమండ్ అన్‌విన్, బారీ పార్కర్ పట్టణ ప్రణాళిక తయారుచేసారు. హోవర్డ్ గీసిన వృత్తాన్ని యథాతథంగా తీసుకోక నేల వాలునూ, పాత చెట్లనూ అనుసరించి వీధులు వేసారు.

కంపెనీ వాటాలపై లాభాన్ని 5 శాతానికి పరిమితం చేసారు. దానితో పెట్టుబడి మందకొడిగా వచ్చింది. 3,00,000 పౌండ్ల మూలధనం అనుకుంటే మొదటి ఏడాది అందులో మూడవ వంతు మాత్రమే సమకూరింది. కర్మాగారాలను ఆకర్షించక తప్పని స్థితిలో, అద్దెలను కాలానుగుణంగా సవరించాలనే హోవర్డ్ నియమాన్ని డైరెక్టర్లు పక్కనబెట్టి సాధారణ దీర్ఘకాలిక లీజులు ఇచ్చారు. ఆ విధంగా పెరిగే భూమి విలువ వెంటనే ఊరికి చేరే దారి మూసుకుపోయింది. హోవర్డ్ డైరెక్టరుగా కొనసాగాడు గానీ నిర్ణయాలలో ఇతని మాట పెద్దగా చెల్లలేదు.

1905లో చవక ఇళ్ళ ప్రదర్శన జరిగింది. డెంట్ సంస్థ ముద్రణాలయం, స్పిరెల్లా వస్త్ర కర్మాగారం వచ్చాయి. అయినా అద్దెలు భరించలేని కూలీలు పొరుగున ఉన్న హిచిన్ నుండి సైకిళ్ళపై పనికి వచ్చేవారు. పేదల కోసం తలపెట్టిన ఊరిలో పేదవారికే ఇల్లు దొరకకపోవడం ఈ ప్రయోగంలోని పెద్ద లోపం. హోవర్డ్ కుటుంబం ఇక్కడికి మారడానికి కొద్దికాలం ముందు, 1904 నవంబరులో, భార్య ఎలిజబెత్ మరణించింది. 1907లో ఇతడు పునర్వివాహం చేసుకున్నాడు. ఎస్పెరాంతో భాషాభిమాని కావడంతో, అదే ఏడాది కేంబ్రిడ్జిలో జరిగిన ఆ భాషా మహాసభ ప్రతినిధులకు లెచ్‌వర్త్‌లో ఎస్పెరాంతోలోనే స్వాగతం పలికాడు.

ఉద్యాన నగరం, ఉద్యాన శివారు

హెన్రియెటా బార్నెట్ పూనికతో 1907లో లండను అంచున హాంప్‌స్టెడ్ ఉద్యాన శివారు మొదలయింది. దీనికి కూడా అన్‌విన్ ప్రణాళిక వేసాడు. వంపు తిరిగిన వీధులు, పూలకంచెలు, ముచ్చటైన ఇళ్ళు అన్నీ ఉన్నాయి, కర్మాగారాలు లేవు. సంపాదన కోసం లండనుకు వెళ్ళిరావలసిందే. అదే ఏడాది సమీపంలోని గోల్డర్స్ గ్రీన్‌కు భూగర్భ రైలు వచ్చింది. చూడడానికి సులభమైన ఈ నమూనానే స్థలాల వ్యాపారులు అనుకరించారు. 1915 నుండి మెట్రోపాలిటన్ రైల్వే తన మార్గం వెంబడి ఉన్న పల్లెలకు మెట్రోలాండ్ అని పేరుపెట్టి ప్రచారం చేసింది. 1918లో ట్యూడర్ వాల్టర్స్ కమిటీ పట్టణాలలో ఎకరానికి 12 ఇళ్ళకు మించరాదని సిఫారసు చేసింది. 1921 నుండి లండను కౌంటీ కౌన్సిలు బెకన్‌ట్రీలో సుమారు 26,000 ఇళ్ళు కట్టింది. 1919-1939 మధ్య లండను ఆక్రమించిన నేల దాదాపు రెట్టింపయింది. విస్తరణను ఆపడానికి పుట్టిన పేరు విస్తరణకే ప్రకటనగా మారింది.

ఈ గాలి భారతదేశానికి కూడా వీచింది. 1920 నాటి మద్రాసు నగర ప్రణాళిక చట్టం తరువాత, లాంగ్ ట్యాంక్ చెరువు భూమిలో త్యాగరాయ నగర్ వెలసింది. దాని మధ్యనున్న తోటకు అప్పటి ముఖ్యమంత్రి పానగల్ రాజా రామరాయనింగారు పేరు పెట్టారు. ఇది కూడా శివారు పేటయే గానీ హోవర్డ్ చెప్పిన నగరం కాదు. బెంగుళూరుకు ఉన్న ఉద్యాన నగరం అనే బిరుదుకూ ఇతని నిర్వచనంతో సంబంధం లేదు.

వెల్విన్

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసాక, ప్రభుత్వమే కొత్త పట్టణాలు కట్టాలని ఫ్రెడరిక్ ఆస్‌బార్న్ వంటి యువ అనుచరులు ప్రచారం చేసారు. ప్రభుత్వం కోసం ఎదురుచూస్తే ఆలస్యమవుతుందని హోవర్డ్ నమ్మకం. 1919 మేలో, 69 ఏళ్ళ వయసులో, లార్డ్ డెస్‌బరో ఎస్టేటు వేలంలో పాల్గొని లండనుకు 32 కిలోమీటర్ల దూరంలో 1,400 ఎకరాలకు పైగా భూమిని సుమారు 51,000 పౌండ్లకు పాడాడు. ఇతని వద్ద అంత సొమ్ము లేదు. ధరావతు కోసం మిత్రుల నుండి తెచ్చినది చాలక, తక్కువపడిన మొత్తాన్ని తన ఏజెంటు వద్దనే అప్పు తీసుకున్నాడు. అనుచరులు తలలు పట్టుకున్నా చివరకు వెంట నడవక తప్పలేదు. 1920లో కంపెనీ ఏర్పడింది. లూయీ డి సొయ్‌సాన్స్ పట్టణ ప్రణాళిక రూపొందించాడు.

హోవర్డ్ 1921లో వెల్విన్‌కు మారి చివరి వరకు అక్కడే నివసించాడు. 1913లో ఏర్పడిన అంతర్జాతీయ ఉద్యాన నగర సంఘానికి మరణించే వరకు అధ్యక్షుడు. 1927లో సర్ బిరుదు లభించింది. 1928 మే 1న మరణించాడు. లెచ్‌వర్త్‌లో సమాధి చేసారు.

అనంతరం

1938లో లండను చుట్టూ హరిత వలయం కోసం చట్టం వచ్చింది. 1944లో ప్యాట్రిక్ అబర్‌క్రోంబీ మహా లండను ప్రణాళిక, 1946లో కొత్త పట్టణాల చట్టం వెలువడ్డాయి. ఆ చట్టం క్రింద స్టీవెనేజ్ మొదటిది. 1948లో వెల్విన్‌ను కూడా ప్రభుత్వ సంస్థ స్వాధీనం చేసుకుంది. ఈ పట్టణాలలో భూమి పురజనులది కాక ప్రభుత్వానిది అయింది.

లెచ్‌వర్త్ కథ వేరు. 1960 ప్రాంతంలో ఒక ఆస్తుల వ్యాపార సంస్థ వాటాలు కొని కంపెనీని చేజిక్కించుకుంది. స్థలాలు ముక్కలుగా అమ్ముడుపోతాయని భయపడిన పట్టణవాసులు ఆందోళన చేసారు. 1962లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఎస్టేటును ఒక ప్రజా కార్పొరేషనుకు అప్పగించింది. 1995లో అది లెచ్‌వర్త్ ఉద్యాన నగర వారసత్వ ఫౌండేషనుగా మారింది. దుకాణాలు, కర్మాగారాలు, పొలాల నుండి వచ్చే అద్దెలను ఈ ఫౌండేషను ఆ ఊరి అవసరాలకే ఖర్చుచేస్తోంది.