తల్లులకు ముందే తెలిసిన నిజం

ఆసుపత్రిలో డాక్టర్లు చేతులు కడుక్కోవాలి అనే చిన్న మాట కోసం జీవితాన్నే పణంగా పెట్టిన వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. ఆయన 1818 జూలై 1న హంగరీలోని బుడా పట్టణంలో ఒక కిరాణా వర్తకుడి ఇంట పుట్టారు. 1844లో వియన్నాలో వైద్య పట్టా పొంది, 1846లో అక్కడి జనరల్ ఆసుపత్రి ప్రసూతి విభాగంలో అసిస్టెంటుగా చేరారు.

అక్కడ పురుళ్ళకు రెండు వార్డులుండేవి. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండోదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1846లో మొదటి వార్డులో నూటికి 11 మందికి పైగా బాలింతలు చనిపోతే, రెండోదానిలో ముగ్గురు కూడా లేరు. ఊళ్ళోని పేద గర్భిణులందరికీ ఈ సంగతి తెలుసు. మొదటి వార్డు వంతు వచ్చినవాళ్ళు మోకాళ్ళ మీద పడి, తమను పంపించెయ్యమని ఏడ్చేవారు. కొందరు దారిలోనే కని బిడ్డతో వచ్చేవారు. చిత్రమేమిటంటే, వీధిలో కన్నవాళ్ళకు ఆ జ్వరం అరుదుగానే వచ్చేది.

గాలి మంచిది కాదనీ, ఆడవాళ్ళ భయమే జ్వరానికి కారణమనీ కొందరు పెద్దలు తేల్చేశారు. సెమ్మెల్‌వైస్‌కు ఆ ఏడుపు నిద్రపట్టనివ్వలేదు. సాఫ్ట్‌వేర్‌లో లోపం వెతికినట్టే, రెండు వార్డుల మధ్య ఉన్న తేడాలను ఒక్కొక్కటిగా తొలగించి చూశారు. పురిటి భంగిమ మార్చారు, మతగురువు గంట ఆపించారు. ఫలితం లేదు.

1847 మార్చిలో ఆయన మిత్రుడు, ప్రొఫెసర్ కొలెచ్కా శవపరీక్షలో కత్తి గీసుకుని చనిపోయారు. శరీరంలో కనిపించిన లక్షణాలు బాలింతల జ్వరానివే. విద్యార్థులు శవపరీక్ష గది నుంచి నేరుగా పురిటి గదికి వచ్చేవారు. మంత్రసానులకు ఆ పని లేదు. మే నెలలో ఆయన క్లోరిన్ నీళ్ళతో చేతులు కడగడం తప్పనిసరి చేశారు. 1848లో మరణాలు నూటికి రెండు కన్నా తగ్గాయి.

లెక్కలు ఇంత స్పష్టంగా ఉన్నా పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే తమ చేతులే ఆ తల్లుల ప్రాణాలు తీశాయని అంగీకరించాలి. 1849లో ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు. పెస్ట్ నగరానికి వెళ్ళి అక్కడా ప్రాణాలు కాపాడారు. 1861లో పుస్తకం రాశారు. కాదన్నవాళ్ళను హంతకులంటూ బహిరంగ లేఖల్లో దుయ్యబట్టడంతో మరింత ఒంటరివారయ్యారు. 1865లో మానసిక చికిత్సాలయంలో చేర్చిన రెండు వారాలకే, ఆగస్టు 13న, గాయం చీముపట్టి కన్నుమూశారు. అప్పటికి 47 ఏళ్ళు. 1867లో లిస్టర్ పరిశోధనలు వెలువడ్డాక గానీ ప్రపంచం అటు తిరగలేదు.

ఆయన చేతులు కడిగించగలిగారు గానీ, కడుక్కోని విద్యార్థిని అడిగే హక్కు ఆ తల్లులకు లేకపోయింది. ఆ హక్కు గుర్తింపుకు చాలా కాలం పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో రోగి భద్రతా దినోత్సవానికి రోగుల భాగస్వామ్యాన్నే అంశంగా తీసుకుంది. వైద్యుణ్ణి నారాయణుడిగా భావించే సంప్రదాయం మనది. అందుకే మన అమ్మానాన్నలు ఆసుపత్రి మంచం మీద నోరు మెదపరు. పక్కన కూర్చున్న మనమైనా, చేతులు కడుక్కున్నారా అని మర్యాదగా అడగవచ్చు. మంచి డాక్టరు నొచ్చుకోరు.