సోండ్రె నోర్‌హైమ్

సోండ్రె నోర్‌హైమ్ (జూన్ 10, 1825 - మార్చి 9, 1897) నార్వే దేశానికి చెందిన ప్రసిద్ధ స్కీ క్రీడాకారుడు, స్కీల తయారీదారుడు. మంచుపై జారే ఆధునిక స్కీ క్రీడకు ఇతనిని పితామహునిగా పరిగణిస్తారు. మధ్యలో సన్నగా, రెండు కొనల వద్ద వెడల్పుగా ఉండే టెలిమార్క్ స్కీ ఇతని వలన ప్రసిద్ధి చెందినది. నేటికీ స్కీలను ఎంచుకొనేటప్పుడు చూసే ముఖ్యమైన కొలతలలో ఈ నడుము వెడల్పు ఒకటి.

బాల్యము, జీవితము

నోర్‌హైమ్ దక్షిణ నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో మోర్గెడల్ అనే కొండపల్లెలో జన్మించాడు. ఇతనిది పేద కుటుంబము. సొంత భూమి లేక కౌలు రైతుగా జీవిస్తూ వడ్రంగం పనులు కూడా చేసేవాడు. 1854లో రాన్నైతో ఇతని వివాహం జరిగింది. ఆ ప్రాంతంలో చలికాలమంతా నేల మంచుతో కప్పబడి ఉంటుంది కనుక అక్కడివారికి స్కీలు ఆటవస్తువులు కావు, నిత్యావసరాలు. నోర్‌హైమ్ వాటితో వాలుల మీద మలుపులు తిరగటం, ఎత్తుల నుండి దూకటం సాధన చేశాడు.

స్కీలలో తెచ్చిన మార్పులు

అంతకు ముందు స్కీని కాలి వేళ్ళ వద్ద మాత్రమే పట్టీతో కట్టేవారు. మడమకు ఆధారం లేనందున దూకినపుడు స్కీ ఊడిపోయేది. నోర్‌హైమ్ వంగే స్వభావం గల రెమ్మలను మెలితిప్పి మడమ చుట్టూ బిగించే కట్టును వాడాడు. దీనితో మడమ పైకి లేవగలిగినా స్కీ పాదాన్ని వదలదు.

రెండవ మార్పు స్కీ ఆకారానికి సంబంధించినది. నడుము సన్నగా ఉన్న స్కీని ఒక పక్కకు వాల్చి బరువు వేస్తే అది విల్లువలె వంగి, తన అంచు వెంబడి వంపు తిరుగుతుంది. పక్కలు తిన్నగా ఉన్న స్కీని తిప్పటం కష్టం. ఇటువంటి వంపు పాత స్కీలలో కొద్దిగా ఉండేది. కాబట్టి దానిని పూర్తిగా ఇతడే కనిపెట్టాడని చెప్పలేము. దానిని మెరుగుపరచి, దాని ఉపయోగాన్ని అందరి ఎదుట నిరూపించినవాడు ఇతడు.

1868లో రాజధాని క్రిస్టియానియా (నేటి ఓస్లో)లో జరిగిన పోటీకి నోర్‌హైమ్ మోర్గెడల్ నుండి స్కీలపైనే ప్రయాణించి వెళ్ళాడు. అప్పటికి ఇతని వయసు 42 సంవత్సరాలు. అందులో ప్రథమ బహుమతి పొందాడు. టెలిమార్క్ మలుపు, క్రిస్టియానియా మలుపు అనే పేర్లు ఈ రెండు స్థలాల నుండే వచ్చాయి. స్లాలమ్ అనే మాట కూడా నార్వే భాషదే.

నేటి స్కీల ఎంపికలో ఇతని ప్రభావం

1990లలో నడుము మరింత సన్నగా ఉన్న స్కీలు వ్యాప్తిలోకి రావడంతో ఈ పాత సూత్రానికి మళ్ళీ ప్రాముఖ్యత కలిగింది. యంత్రంతో చదును చేసిన గట్టి వాలుపై సన్నని నడుము గల స్కీ త్వరగా ఒక అంచు నుండి మరొక అంచుకు మారుతుంది. లోతైన మెత్తని మంచులో అదే స్కీ కూరుకుపోతుంది. అక్కడ వెడల్పయినది తేలుతుంది. కోనసీమలో వరిచేను దమ్ము చేయటానికి ట్రాక్టరుకు ఇనుప దమ్ము చక్రాలు బిగించి, రోడ్డు మీదకు రబ్బరు చక్రాలతో వెళ్ళటం వంటిదే ఇది. నేలను బట్టి పనిముట్టు మారుతుంది.

మహిళల స్కీలలో చదును వాలుల కొరకు సుమారు 70 నుండి 80 మిల్లీమీటర్లు, గట్టి మంచు, మెత్తని మంచు కలిసి ఉండే చోట్లకు సుమారు 85 నుండి 95 మిల్లీమీటర్ల నడుము గలవి ఎక్కువగా వాడతారు. ఇవి సాధారణంగా తేలికగా ఉంటాయి, తక్కువ పొడవులలోనూ లభిస్తాయి. నిలబెట్టిన స్కీ గడ్డానికి, నుదుటికి మధ్య ఎత్తు వరకు రావటం సాధారణ కొలత. కొత్తగా నేర్చుకొనేవారు పొట్టివి, అనుభవం గలవారు పొడవైనవి ఎంచుకొంటారు. మహిళలవి అన్న పేరు కంటే వాడే మనిషి బరువు, నైపుణ్యం, మంచు స్వభావం ముఖ్యమైనవి.

వలస, మరణము

నోర్‌హైమ్‌కు స్కీలు కీర్తిని తెచ్చాయి కాని పేదరికం తీరలేదు. 1884లో భార్య, కొందరు పిల్లలతో అమెరికాకు వలస వెళ్ళాడు. మొదట మిన్నెసోటాలోను, తరువాత నేటి ఉత్తర డకోటా ప్రాంతంలోను నివసించాడు. అక్కడ మంచు ఉన్నా స్కీలపై దూకటానికి మోర్గెడల్ వంటి కొండలు లేవు. 1897లో ఇతడు మరణించాడు. డెన్‌బీ సమీపంలోని శ్మశానంలో ఇతని సమాధి చాలాకాలం గుర్తురాయి కూడా లేకుండా ఉండిపోయింది.

గుర్తింపు

1952లో ఓస్లో శీతాకాల ఒలింపిక్ క్రీడల జ్యోతిని మోర్గెడల్‌లో నోర్‌హైమ్ నివసించిన ఇంటి పొయ్యిలో వెలిగించారు. 1960 శీతాకాల ఒలింపిక్స్ జ్యోతిని కూడా అక్కడే వెలిగించారు. 1960లలో ఇతని సమాధిని గుర్తించి స్మారక శిల నెలకొల్పారు.